బడి తోట, తిండి పాఠం: రెండు గుంటల జాగ ఉన్నది, ఎట్ల మొదలు పెట్టాలె?

పాలమూరు_బయాలజీ

అందరికి నమస్తే. మహబూబ్‌నగర్ దిక్కు ఒక జడ్పీ హైస్కూల్ల బయాలజీ చెప్త. మా బడి వెనక కాంపౌండ్ లోపల్నే రెండు గుంటల (అంటె ఎకరంల ఇరవయ్యో వంతు) జాగ ఖాళీగ పడి ఉన్నది, బోరు ఉన్నది, నీళ్లకు ఫికర్ లేదు. జూన్‌ల బడి తెరవంగనే కూరగాయల తోట పెడ్దాం అంటె హెచ్ఎం సార్ సరే అన్నరు. ఆరు, ఏడు, ఎనిమిది క్లాసుల పిల్లలతోని చేద్దామని ఆలోచన.

ఇంతకుముందు పనిచేసిన బడిల గూడ తోట పెట్టిన్రు, నాటిన రోజు ఫొటోలు దిగిన్రు, దసరా సెలవులు అయిపోయి వచ్చేసరికి అన్ని ఎండిపోయినయ్. అట్ల కావద్దు అనే ఇక్కడ అడుగుతున్న.

మా పిల్లలల్ల శానమంది రైతుల బిడ్డలే. నాట్లేసుడు, కలుపు తీసుడు నాకంటె వాళ్లకే బాగ తెలుసు. కానీ యూరియా ఎందుకేస్తరు అంటె పైరు పచ్చగైతది అంటరు. ఆ పచ్చదనం ఏంటిది, గాలిల అంత నత్రజని ఉండంగ పైరుకు అది ఎందుకు పనికిరాదు అనేది సైన్స్ పుస్తకంల చదివిన్రు, పరీక్ష రాసిన్రు, కానీ ఆ పాఠానికి వాళ్ల నాయిన కొనుక్కొచ్చే బస్తాకు సంబంధం ఉన్నదని ఒక్కరికి గూడ తట్టలే. ఇగ మధ్యాహ్న భోజనంల ఆకుకూర పప్పు పెడితె ఆకు ఏరి పళ్లెం అంచుకు పెడ్తరు, ఇంటర్వెల్ల మాత్రం ఐదు రూపాయల ప్యాకెట్ లేని చెయ్యి ఉండది.

తోట ఒక దిక్కు, పాఠం ఒక దిక్కు, పళ్లెం ఒక దిక్కు ఉంటె ఎన్నేండ్లు చేసినా ఫాయిద లేదు, మూడు కలిస్తెనే పిల్లలకు ఎక్కుతది అని నా గట్టి నమ్మకం. ఏం నాటాలె, పాఠంతోని ఎట్ల కలపాలె, అనుభవం ఉన్నోళ్లు చెప్పున్రి.

అరక

నమస్తే మేడం. మాది విజయనగరం జిల్లా, ప్రకృతి వ్యవసాయం కార్యక్రమంలో ఊళ్లో రైతులకి దగ్గరుండి చూపించే పని నాది. రైతు సాధికార సంస్థ తరఫున 2016 నుంచి మా రాష్ట్రంలో నడుస్తోంది కదా అదే.

ఒక మాట చెప్తాను, రెండు గుంటలూ ఒకేసారి కూరగాయలతో నింపేయకండి. సగం జాగాలో ముందు నవధాన్యాలు చల్లించండి. పేరుకి నవధాన్యాలు గానీ పదిహేను ఇరవై రకాలు కలుపుతాం, పెసర, మినుము, అలసంద, ఉలవ, కంది, జొన్న, సజ్జ, నువ్వు, ఆముదం, బంతి, జనుము, జీలుగ ఇలా ఇంట్లో ఏవుంటే అవి. పిల్లలు తలో గుప్పెడు ఇంటి నుంచి తెస్తే అదే మొదటి పాఠం అయిపోద్ది, ఏది పప్పుజాతి, ఏది గడ్డిజాతి, ఏది నూనెగింజ అని వేరు చేసి పేర్లు రాయించొచ్చు. నలభై అయిదు రోజులకి కోసి అక్కడే నేల మీద పరిచేసి దాంట్లోనే కూరగాయలు పెట్టుకోవచ్చు. మిగతా సగంలో తోటకూర, గోంగూర, బెండ, గోరుచిక్కుడు వేసుకోండి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది, పిల్లలకి ఓపిక ఉండదు కాబట్టి తొందరగా చేతికొచ్చేది ఒకటి ఉండాలి.

ఇక జీవామృతం, అంటే నేలకి పోసే పేడనీళ్ల ఎరువు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీద మందులు పడని మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి రెండు రోజులు పొద్దున్న సాయంత్రం కలిపి, వారం లోపు వాడేయాలి. ఎకరం అంటే 40 గుంటలు, మీవి రెండే, అంటే ఇరవయ్యో వంతు. ఒక బకెట్ 10 లీటర్లు, అరకిలో పేడ, అర లీటరు మూత్రం, బెల్లం వంద గ్రాములు, పిండి వంద గ్రాములు. ఈ లెక్క మీరు చెప్పకండి, ఏడో తరగతి పిల్లల చేత వేయించండి, నిష్పత్తులు అనుపాతాలు లెక్కల పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి.

రిటైర్డ్_ఏఓ

అరక గారు బాగా చెప్పారు, నాకు ఒకటి రెండు విషయాల్లో తేడా ఉంది, పిల్లల చదువు కాబట్టి చెప్పాలనిపించింది. నేను వ్యవసాయ శాఖలో చేసి రిటైర్ అయ్యాను.

జీవామృతం మంచిది యూరియా చెడ్డది అని నీతికథలా చెప్పొద్దండి. పిల్లలు సాయంత్రం ఇంటికెళ్తే వాళ్ల నాన్న చేలో యూరియా చల్లుతుంటాడు, అంటే మా నాన్న తప్పు చేస్తున్నాడు అనుకోవాలా? ముందు లెక్క చూపించండి. యూరియాలో 46 శాతం నత్రజని. ఇప్పుడొచ్చే 45 కిలోల బస్తాలో దాదాపు 20 కిలోల చిల్లర నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో మామూలుగా అర శాతం, టన్నుకి 5 కిలోలు. ఆ ఒక్క బస్తాకి సరిపడా నత్రజని ఎరువు రూపంలో ఇవ్వాలంటే నాలుగు టన్నులు తోలాలి, ఇంటికి రెండు గేదెలు కూడా లేని రోజుల్లో రైతు ఎక్కడ్నుంచి తెస్తాడు, అందుకే బస్తా వైపు పోయాడు. ఇది తెలిస్తే నాన్న మీద గౌరవం పోదు.

దాని తర్వాతే రెండో సగం చెప్పాలి. వేసిన యూరియా అంతా పైరు తీసుకోదు, కొంత గాల్లోకి పోతుంది, కొంత నీళ్లతో దిగిపోయి బావుల్లోకి చేరుతుంది. ఎక్కువేస్తే ఆకు లేతగా రసంతో నిండి పేనుబంక, పచ్చదోమ లాంటి రసం పీల్చే పురుగులు ఎగబడతాయి, ఆ పురుగుకి మళ్లీ మందు. పశువుల ఎరువు నత్రజనితో పాటు నేలకి సేంద్రియ పదార్థం ఇస్తుంది, తేమ నిలుస్తుంది, బస్తా ఆ పని చేయలేదు.

కాబట్టి మూడు మడులు పక్కపక్కన వేయండి. ఒకదానికి ఏమీ వేయొద్దు, ఒకదానికి పశువుల ఎరువు జీవామృతం, ఒకదానికి తూచి యూరియా. మూడింట్లోనూ ఒకే తోటకూర, ఒకే రోజు. వారానికోసారి ఎత్తు కొలిచి, ఆకు మీద పురుగులు లెక్కపెట్టి, కోసినప్పుడు తూకం వేసి పుస్తకంలో రాయమనండి. ఏది ఎంత పండిందో వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. ఏ ఫలితం వచ్చినా అదే రాయించండి, మనకి నచ్చింది రాయించొద్దు.

అరక

సార్ మూడు మడుల మాట నాకు బాగా నచ్చింది, నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి మాత్రం కలపాలి. నత్రజని పేడలోంచే రావాలని లేదు కదా, అందుకే నవధాన్యాల్లో పప్పుజాతి అంత వేస్తాం. నెల రోజుల అలసంద మొక్కని లాగేయకుండా చుట్టూ తవ్వి మట్టితో పాటు పైకి తీసి నీళ్ల బకెట్లో మెల్లగా కడిగితే వేళ్ల మీద ఆవగింజంత, కొన్ని మిరియం గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి తీసి గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. ఆ రంగు ఉంటే గాల్లో నత్రజనిని మొక్కకి అందించే బ్యాక్టీరియా పని చేస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే చేయనట్టు. రైజోబియం అని పుస్తకంలో బొమ్మ చూసిన పిల్లలు దాన్ని చేత్తో చిదిమినప్పుడు మొహాలు చూడాలి సార్, మా పక్కూరి బడిలో చూపిస్తే మర్నాడు ఇంటి నుంచి వేరుశనగ మొక్కలు పీక్కొచ్చారు, వీటికి కూడా ఉన్నాయా అని.

రిటైర్డ్_ఏఓ

ఇది మాత్రం తప్పకుండా చేయండి మేడం. పక్కనే ఒక జొన్న మొక్క వేరు కూడా తీసి చూపించండి, దానికి ఉండవు. రెండూ పక్కపక్కన పెడితేనే అంతర పంట ఎందుకో అర్థమవుతుంది. మన పెద్దవాళ్లు జొన్నలో కంది ఊరికే వేయలేదు.

సీమ_సంగటి

అందరూ తోట గురించి ఉత్సాహంగా మాట్లాడుతాండారు, నేను తండ్రిగా ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దండి. మాది అనంతపురం జిల్లా, శనక్కాయ పెట్టి పెట్టి అప్పులపాలైన కుటుంబం. నా బిడ్డల్ని బడికి పంపిచ్చేది ఈ మట్టి నుంచి బయట పడాలనే. మళ్లీ బడిలో కూడా గడ్డపార ఇచ్చి తవ్వమంటే నాకు బాధగా ఉంటాది. టౌన్లో ప్రైవేట్ స్కూల్ పిల్లోళ్లు ఆ టైంలో కంప్యూటర్ నేర్చుకుంటాంటే మా పిల్లోళ్లు పేడ కలపాల్నా? ఊర్లో పిల్లోళ్లకి సేద్యం నేర్పేది ఏముంది, వాళ్లకి తెలీందా?

ఇంకొకటి, మా ఊరి బడిలో అప్పట్లో హోంవర్క్ చేయనోళ్లకి చెట్లకి నీళ్లు పోసేది శిక్ష. ఎవురికి పడతాండె ఆ శిక్ష అనేది అందరికీ తెలుసు.

పాలమూరు_బయాలజీ

సీమ సంగటి అన్నా, మీరు ఇది అడిగినందుకు చాల మంచిగైంది, మా దిక్కు తల్లిదండ్రులు గూడ ఇదే అంటరు, మొఖం మీద అనరు గంతే. మా జిల్లల పత్తి విత్తనాల చేలల్ల క్రాసింగ్ పనికి బడి పిల్లలను తోలిన రోజులు ఉండె. అందుకని పిల్లలతోని మట్టి పని అంటె భయం ఉండుడు న్యాయమే.

నేను అనుకున్నది ఏందంటె, దున్నుడు, గుంతలు తవ్వుడు, బరువులు మోసుడు పిల్లల పని కాదు, అది ఉపాధి హామీ కింద అయినా ఊళ్లె పెద్దోళ్లను అడిగి అయినా చేయిస్తం. పిల్లల పని విత్తనం పెట్టుడు, చూసుడు, కొలుసుడు, రాసుడు, కోసుడు, తినుడు. వారానికి రెండు పీరియడ్లు, టైంటేబుల్ల సైన్స్ పీరియడ్లనే. శిక్షగ ఎవ్వరిని పంపద్దు అని స్టాఫ్ మీటింగ్ల రాసి పెట్టిస్త. ఆడపిల్లలు కూర ఏరాలె, మగపిల్లలు పాదులు చెయ్యాలె అని పంచుడు గూడ ఉండది, అందరు అన్ని చేస్తరు.

జొన్నరొట్టె

సంగటి అన్న అడిగిన దానికి నాకు తోచింది చెప్త. మాది జహీరాబాద్. మా దగ్గర పస్తాపూర్ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983 నుంచి ఉన్నది, సంఘంల ఎక్కువమంది దళిత ఆడోళ్లు, ఎకరం రెండెకరాలోళ్లు. బియ్యం కోటా మీద బతకాలె అనుకున్న ఊళ్లల్ల పడావు భూములు సాగు చేసి జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు, నువ్వులు కలిపి ఒక్క చెల్కల ఇరవై రకాల దాక పండిస్తరు, విత్తనం ఎవ్వరి దగ్గర కొనరు. 2019ల ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది వాళ్లకు. బడి మొఖం చూడని అమ్మలు సంఘం రేడియోల ప్రోగ్రాములు చేస్తరు, 2008ల మొదలైంది అది. పిల్లలను గా ఊళ్లకు ఒక్కసారి తోల్కపోతె సేద్యం అంటె చదువు రానోళ్ల పని అనే మాట మల్ల రాదు, విత్తనం గురించి గా అమ్మలు చెప్పేది పెద్ద పెద్ద సైంటిస్టులు వచ్చి రాసుకుని పోతరు.

సంక్రాంతి టైంల పాత పంటల జాతర మొదలైతది, ఎడ్ల బండ్లు సింగారించి విత్తనాల కుండలు పెట్టుకొని ఊరూరు తిరుగుతరు. మేడం, మీ పిల్లలను అప్పుడు తీస్కరాండ్రి.

ఇంకొక ముచ్చట. మీ తోటల కలుపు అని పీకి పారేసేటప్పుడు కొంచెం ఆగున్రి. దొగ్గలికూర, పొన్నగంటి, గంగవాయిలి, తుమ్మికూర, ఇవి ఎవ్వరు వెయ్యకుంట వాటంతల అవే మొలిచే కూరలు. పిల్లల అవ్వలను ఒక్కరోజు బడికి పిలిచి గివి చూపిచ్చుమనున్రి. ఒక్క అవ్వ మీ అందరికన్న ఎక్కువ చెప్తది.

సీమ_సంగటి

సరే, మేడం చెప్పినట్ల శిక్ష లేకుండా, చదువు టైం పోకుండా ఉంటే నాకు అడ్డం లేదు. ఆ నత్రజని లెక్క మా వాడికి చూపిచ్చినా, తొమ్మిదో తరగతి, శనక్కాయకి యూరియా ఎందుకు తక్కువ వేస్తామో వాడే చెప్పినాడు బుడిపెలుంటాయి కాబట్టి అని. అవ్వల్ని పిలిచే మాట మాత్రం చాలా బాగుంది. మా యమ్మ కొర్రలు, ఆరికలు దంచి తినిన మనిషి, ఇప్పుడు అవి సూపర్ మార్కెట్లో ప్యాకెట్లో కనపడితే ఆశ్చర్యపోతాది.

వంటింటి_పొగ

నేను వేరే వైపు నుంచి చెప్తాను. మా అమ్మ పల్నాడులో ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఎన్నో ఏళ్లుగా. తోట అనగానే అందరూ పిల్లల గురించి, టీచర్ల గురించి మాట్లాడతారు, ఆ కూర కడిగి తరిగి వండే మనిషి గురించి ఎవరూ అడగరు.

లెక్క చూడండి. పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) కింద ప్రైమరీ పిల్లాడికి రోజుకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50. ఆరు నుంచి ఎనిమిది వరకు బియ్యం 150, పప్పు 30, కూరగాయలు 75. మీ బడిలో ఈ మూడు క్లాసులూ కలిపి నూట ఇరవై మంది తింటారనుకుంటే రోజుకి తొమ్మిది కిలోల కూరగాయలు. రెండు గుంటల్లో రోజూ తొమ్మిది కిలోలు రావు. కాబట్టి తోటతో బడి మొత్తానికి కూర పెట్టేస్తాం అని ఎవరికీ మాట ఇవ్వకండి. వారానికి ఒక రోజు ఆకుకూర పప్పు, మిగతా రోజులకి కరివేపాకు, కొత్తిమీర, నిమ్మకాయ, మునగాకు, ఇంతవరకు అవుతుంది, అది కూడా తక్కువేం కాదు.

రెండోది, ఆరేడు కిలోల తోటకూర బాగు చేయాలంటే ఇద్దరు మనుషులకి గంటపైనే పని. వంట పదకొండున్నరకి దిగాలి. మర్నాడు ఆకు కోస్తామని ముందురోజే వంటమ్మకి చెప్పాలి, పిల్లలు కోసి మట్టి కడిగి వేర్లు తీసి ఇవ్వాలి. గౌరవ వేతనం అంతంత మాత్రం, బిల్లులు నెలల తరబడి ఆగుతాయి, పొద్దున్నే చెప్పకుండా ఆకుల మూట తెచ్చి ముందు పడేస్తే ఏ తల్లికైనా కోపం వస్తుంది. అమ్మ చెప్పమన్న మాట ఇంకోటి, నాటేముందే వంటవాళ్లని కూర్చోబెట్టి ఏ కూర ఎలా వండితే పిల్లలు తింటున్నారో అడగండి. తోటకూర వేపుడు వదిలేస్తారట, అదే సన్నగా తరిగి పప్పులో మెత్తగా కలిసిపోయేలా వేసి తాలింపులో వెల్లుల్లి ఎక్కువేస్తే గిన్నె ఖాళీ అవుతుందట.

పాలమూరు_బయాలజీ

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పున్రి. వంట చేసే అక్కలను మొదలే కూసుండబెట్టాలె అనేది రాసుకున్న. తోట కమిటీల పిల్లలు, టీచర్లతోని పాటు వాళ్లు గూడ ఉండాలె.

తార్నాక_తిండి

హైదరాబాద్‌లో న్యూట్రిషన్ చదువుతున్నాను. తిండి పాఠం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు కాబట్టి నేను రాస్తాను, కొంచెం పొడవు అవుతుంది.

విటమిన్ ఏ, బీ, సీ అని పట్టిక బట్టీ పట్టిస్తే ఎవరి పళ్లెమూ మారదు. ఒక్కో వారం ఒక్క ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకి రాగి. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, అదే వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పది లోపే. ఏపీ బడుల్లో 2023 నుంచి వారంలో మూడు రోజులు రాగిజావ ఇస్తున్నది ఇందుకే. ఇది బోర్డు మీద గ్రాఫ్ గీయించండి, రాగి గీత బోర్డు పై దాకా పోతుంది, బియ్యం గీత కనపడను కూడా కనపడదు.

తర్వాత ఐరన్. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఎక్కువో టీచర్లకి తెలుసు, అందుకే బడిలో వారం వారం ఐరన్ మాత్రలు ఇస్తారు. ఆకుకూరలో ఉన్న ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టాలంటే విటమిన్ సీ పక్కన ఉండాలి. అందుకే తోటకూర పప్పు మీద నిమ్మచెక్క పిండుకోవాలి, లేదా భోజనంలో ఉసిరికాయ ముక్క, జామకాయ ఉండాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ పట్టడం తగ్గిపోతుంది. తోటలో ఒక నిమ్మ, ఒక ఉసిరి, ఒక జామ తప్పకుండా పెట్టండి, కాపుకి కొన్నేళ్లు పడుతుంది గానీ వచ్చే బ్యాచ్ పిల్లలు తింటారు.

దీనికి తోటతో ఇంకో లింకు ఉంది, చాలామంది మర్చిపోతారు. వట్టి కాళ్లతో మట్టిలో తిరిగితే కొంకిపురుగు పాదంలోంచి లోపలికి పోతుంది, పేగుల్లో చేరి రక్తం తాగుతుంది, రక్తహీనతకి అదో పెద్ద కారణం. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్రలు అందుకే ఇస్తారు. కాబట్టి తోటలోకి చెప్పులు లేకుండా ఎవరూ పోకూడదు, లేనివాళ్లకి బడి తరఫున కొన్ని జతలు గేటు దగ్గర పెట్టండి. బయటికి రాగానే సబ్బుతో చేతులు. జీవామృతం కూడా పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, క్యారెట్ ఆకుల మీద చల్లకండి, మొదట్లో మట్టికి పోయండి, అందులో పేడ ఉంది కదా.

ఐదు రూపాయల ప్యాకెట్ల గురించి. తినొద్దు అని చెప్తే దాచుకుని తింటారు. ఖాళీ ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ సీసాలు తెప్పించి లేబుల్ చదివించండి. ఏ పదార్థం ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలని రూల్, ఆ ఒక్కటి తెలిస్తే చాలు వాళ్లే పట్టేస్తారు. కూల్‌డ్రింక్ మీద వంద మిల్లీలీటర్లకి పది గ్రాముల పైన చక్కెర అని ఉంటుంది, చిన్న సీసా 250 మిల్లీలీటర్లు అంటే 25 గ్రాములు దాటింది, అయిదు చెంచాలు. ఒక గ్లాసు నీళ్లలో క్లాసు ముందే అయిదు చెంచాల చక్కెర వేసి కలిపి చూపించండి. రోజు మొత్తానికే 25 గ్రాములు దాటకపోతే మంచిదని మన ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది.

గోదారి_గట్టు

తార్నాక గారు చెప్పినవన్నీ బాగున్నాయండి, నేను రాజమండ్రిలో ప్రైమరీ టీచర్ని, ఒక్క జాగ్రత్త చెప్తాను. ఆరోగ్యకరమైన తిండి పాఠం అని చెప్పి పిల్లల టిఫిన్ బాక్సులు తెరిపించి మంచి బాక్స్, చెడ్డ బాక్స్ అని మార్కులేయడం, స్టార్లివ్వడం చాలాచోట్ల చూశాను, దయచేసి అది చేయకండి. ఒక బడిలో ఎండుచేపల కూర తెచ్చుకున్న పిల్ల పక్కపిల్లలు ముక్కు మూసుకున్నారని బాక్స్ మూసేసి సాయంత్రం దాకా తినకుండా కూర్చుంది. ఎండుచేపల్లో మంచి ప్రోటీన్ ఉంది, చిన్న చేపలు ముల్లుతో తింటే కాల్షియం కూడా. ఎవరింట్లో ఏ మాంసం తింటారో, ఏది తినరో, ఎవరి ఇంట్లో చివరి వారం చింతకాయ పచ్చడి అన్నమే గతో అవన్నీ ఆ బాక్సులో ఉంటాయండి. పాఠం బడిలో అందరికీ ఒకేలా వడ్డించే భోజనం మీద చెప్పండి, ఇంటి బాక్స్ మీద వద్దు.

తార్నాక_తిండి

గోదారి గట్టు గారు, నూటికి నూరు శాతం మీ మాటే సరి. నేను లేబుల్ చదివించమన్నది కొట్లో కొన్న ప్యాకెట్లవే, అవి కూడా ఖాళీవి అందరివీ కలిపి ఒక కుప్పలో వేసి, ఎవరు తెచ్చారో తెలీకుండా.

అపార్ట్‌మెంట్_అమ్మ

విజయవాడ నుంచి. మా అమ్మాయి స్కూల్లో గజం మట్టి కూడా లేదు, అంతా టైల్స్. టెర్రస్ మీద పాత సిమెంట్ సంచుల్లో, పెరుగు బకెట్లలో మెంతికూర, టమాటా, చిక్కుడు పెట్టారు, మట్టిలో సగం కొబ్బరిపీచు పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది. సిటీ పిల్లలకి పాలకూర ఏదో తోటకూర ఏదో తెలీదు, కట్టలు మార్కెట్లో పుడతాయనుకుంటారు, వాళ్లకి ఇది ఇంకా ఎక్కువ అవసరం.

మా పాప చిక్కుడు తీగ మీద పేనుబంక పట్టిందని ఏడుస్తూ ఫోన్లో ఫొటో చూపించింది. దాని పక్కనే నల్లగా, నారింజ మచ్చలతో, మొసలి పిల్ల ఆకారంలో ఒక పురుగు ఉంది, అందరూ దాన్నే చంపమన్నారు. వాళ్ల సైన్స్ టీచర్ ఆపి అది అక్షింతల పురుగు పిల్ల, చూస్తూ ఉండండి అన్నారట. పిల్లలు భూతద్దం పెట్టి చూస్తే ఒక్కొక్క పేనుని పట్టుకుని నములుతోంది. వారంలో తీగ బాగుపడింది. అప్పట్నుంచి మా ఇంట్లో బొద్దింకల స్ప్రే కొట్టాలన్నా మా పాప ముందు ప్రశ్నలేస్తోంది.

రిటైర్డ్_ఏఓ

ఆ టీచర్‌కి నా అభినందనలు చెప్పండమ్మా. మిత్రపురుగు పిల్లని చూసి చీడ అనుకుని మందు కొట్టడం పొలాల్లో రోజూ జరిగేదే.

మందుల మాట వచ్చింది కాబట్టి, పల్లెటూరి పిల్లలకి ఒకటి తప్పనిసరిగా నేర్పాలి. పురుగుమందు డబ్బా మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది, కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగొచ్చని కాదు, విషం తక్కువ అని మాత్రమే. డబ్బాలు బడికి తేవద్దు, ముట్టుకోవద్దు, ఫొటోలు చార్టు మీద అంటించి చెప్పండి. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో కూడా లేబుల్ మీద రాసుంటుంది, టమాటా, వంకాయ, బెండ రైతుల్లో చాలామంది అది పట్టించుకోరు, ఎందుకంటే మార్కెట్ ఆగదు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడటం 2005లోనే నిషేధించారు. ఇది తెలిసిన పిల్ల ఇంట్లో ఒక్క మాట అంటే ఆ మాట నాలాంటి వాడు పది మీటింగులు పెట్టినా రాని ఫలితం ఇస్తుంది, నా సర్వీసులో చూశాను.

ఖాళీ డబ్బాలు కడిగి నీళ్లకి, నూనెకి వాడే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అదీ చెప్పండి.

డాలస్_గోంగూర

మా అబ్బాయి ఇక్కడ ఎలిమెంటరీ స్కూల్లో గార్డెన్ క్లబ్‌లో ఉన్నాడు. అమెరికాలో ఈ బడి తోట, వంటగది కలిపి చెప్పే పద్ధతికి బాగా పేరు తెచ్చింది కాలిఫోర్నియాలో బర్కిలీలో 1995లో మొదలైన ఎడిబుల్ స్కూల్‌యార్డ్, ఆలిస్ వాటర్స్ అనే ఆవిడ పెట్టింది, తోటలో పండించిందే పిల్లలు బడి వంటగదిలో వండి కలిసి కూర్చుని తింటారు. జపాన్లో అయితే 2005లో తిండి చదువు మీద చట్టమే చేశారు, పిల్లలే తెల్ల ఏప్రన్లు వేసుకుని క్లాసులో అందరికీ వడ్డిస్తారు.

మన దగ్గర వంట మంట దగ్గరికి పిల్లల్ని పంపక్కర్లేదు గానీ వడ్డించడం మాత్రం పెట్టొచ్చేమో ఆలోచించండి, తను కోసిన ఆకుని తనే వడ్డిస్తే పక్కవాడు పారేస్తుంటే ఊరుకోడు. ఇక్కడ ఎండాకాలంలో గోంగూర విరగకాస్తుంది, మా వాడు క్లబ్‌కి నారు తీసుకెళ్తే పువ్వు చూసి అందరూ మందారం అనుకున్నారట, రెండూ ఒకే కుటుంబం కాబట్టి టీచర్ అదే పాఠం చేసుకుంది.

పాలమూరు_బయాలజీ

వడ్డించుడు మంచిగున్నది, అన్ని కులాల పిల్లలు వంతులవారీగ వడ్డిస్తరు, దానికదే ఒక చదువు.

ఇంక రెండు కష్టాలు మిగిలినయ్, కోతులు, ఎండాకాలం సెలవులు. కోతుల గురించి తెలంగాణోళ్లకు నేను చెప్పాల్సిన పనే లేదు.

జొన్నరొట్టె

కోతులకు పూర్తి మందు ఎవ్వరి దగ్గర లేదు మేడం. మా దగ్గర గోంగూర, కాకర, చేమగడ్డ, పసుపు, మిరప జోలికి పెద్దగ పోతలెవ్వు, టమాట, బెండ, చిక్కుడు, మక్క అయితె ఒక్కటి మిగల్చవు. అంచుల పొంటి గోంగూర, మిరప పెట్టి లోపల మిగతావి వేసి, కాయలు పడే నెల రోజులు మీద వల కట్టిన్రు ఒక బడిల. గడ్డజాతి ఎక్కువ పెట్టున్రి, ముల్లంగి, చేమ, చిలగడదుంప. చిలగడదుంపను పందులు తవ్వుతయ్ గాని కాంపౌండ్ ఉన్నదన్నరు గదా.

అరక

సెలవుల సంగతి, కేలెండర్‌ని బడితో కలపండి. జూన్ రెండో వారంలో బడి తెరిచేసరికి మృగశిర కార్తె వచ్చేసి ఉంటుంది, విత్తనానికి అదే అదును. వానాకాలంలో గోంగూర, బెండ, బీర, గోరుచిక్కుడు. దసరా తర్వాత పాలకూర, మెంతి, ముల్లంగి, టమాటా, చిక్కుడు. ఫిబ్రవరి నుంచి కొత్తగా ఏమీ వేయకండి, ఉన్నవాటి నుంచి విత్తనం తీయించండి. బెండ, గోంగూర, తోటకూర, చిక్కుడు గింజలు ఎండబెట్టి వేపాకు పొడి కలిపి సీసాల్లో, పైన రకం పేరు, తేదీ, దాచిన క్లాసు పేరు. సెలవుల్లో నేల ఖాళీగా ఎండకి వదలకుండా గడ్డి, ఆకులు మందంగా కప్పి పెట్టండి. కరివేపాకు, మునగ, నిమ్మకి మాత్రం నీళ్లు కావాలి, కుండకి సన్న కన్నం పెట్టి వత్తి గుడ్డ దూర్చి మొదట్లో పాతితే వారానికి రెండుసార్లు నింపితే సరిపోద్ది.

పాలమూరు_బయాలజీ

అందరు చెప్పింది చూసి హెచ్ఎం సార్‌తోని కూసోని ఒక కాయిదం రాసుకున్న. ఒక గుంటల నవధాన్యాలు, ఒక గుంటల మూడు మడుల తోటకూర ప్రయోగం, అంచుల పొంటి గోంగూర, మిరప. ఎనిమిదో తరగతికి నత్రజని పాఠం జులైల అలసంద వేర్లతోని చెప్త, పుస్తకంల అది ఎప్పుడు వస్తదో అప్పటిదాక ఆగను. ఏడో తరగతికి లెక్కల సార్ జీవామృతం కొలతలు, తూకాల పట్టిక తీసుకుంటనన్నరు. ఆరో తరగతి పిల్లలు వాళ్ల అవ్వలను పిలుస్తరు, ఒక్కొక్క శనివారం ఒక్కొక్క అవ్వ. తెలుగు మేడం ఆ అవ్వలు చెప్పిన కూరల పేర్లు, సామెతలు రాయిస్తనన్నది. చెప్పులకు, సబ్బుకు పూర్వ విద్యార్థులను అడుగుతున్నం.

నాటు గోరుచిక్కుడు, పొట్టి బీర విత్తనాలు ఎక్కడ దొరుకుతయ్? షాపులల్ల అన్ని హైబ్రిడ్‌వే ఉన్నయ్, వాటి గింజ దాస్తె మల్ల ఏడు అదే రకం రాదు గదా.

జొన్నరొట్టె

గోరుచిక్కుడు, అనుములు, ఎర్ర తోటకూర మా అమ్మ దగ్గర ఉన్నయ్, అమ్మకానికి కాదు. వచ్చే ఏడు రెండింతలు తిరిగి ఇయ్యాలె, మా దగ్గర విత్తనం పద్ధతి అట్లనే ఉంటది. మెసేజ్ పెట్టున్రి, బస్సుల పంపిస్త.

వంటింటి_పొగ

మేడం, ఆకుకూర పప్పు మీ బడిలో ఏ రోజు వండుతున్నారో ముందు మీ వంటక్కల్ని అడిగి, ఆ రోజుకి ఆకు కోతకొచ్చేలా మడుల్ని వారం తేడాతో చల్లండి. మూడూ ఒకేరోజు చల్లితే ప్రయోగానికి బాగుంటుంది గానీ వంటకి ఒక్క వారమే ఆకు ఉండి మిగతా మూడు వారాలు ఉండదు. ప్రయోగం మడులు వేరు, పప్పు మడులు వేరు పెట్టుకోండి.

పాలమూరు_బయాలజీ

ఇది నాకు తట్టలే. రెండో గుంటల సగం ప్రయోగానికి, సగం పప్పు మడులకు చేస్త, వారానికొక మడి చల్లుడు. పొట్టి బీర విత్తనం గూడ ఎవరి దగ్గరన్న ఉంటె చెప్పున్రి, మేము గూడ రెండింతలు తిరిగి ఇస్తం.